నోట్లో గడ్డ.. నొప్పి లేదని వదిలేయొచ్చా?

నోట్లో మెత్తటి గడ్డ చేతికి తగలగానే మన జిల్లాల్లో చాలామందికి ముందుగా గుర్తొచ్చేది క్యాన్సరే. నిజానికి అది హాని చేయని కొవ్వు గడ్డ కావొచ్చు. అలాగని ‘నొప్పి లేదు కదా’ అని ఊరుకోవటమూ మంచిది కాదు. ఏది మామూలు గడ్డ, దేన్ని అనుమానించాలి, ఎప్పుడు ఎవరికి చూపించుకోవాలి? వివరంగా తెలుసుకుందాం.

పళ్లు తోముకుంటున్నప్పుడో, భోజనం చేస్తున్నప్పుడో బుగ్గ లోపల ఏదో బుడిపె నాలుకకు తగులుతుంది. వేలితో నొక్కి చూస్తారు. మెత్తగా ఉంటుంది. నొప్పి ఉండదు. ఎప్పటినుంచి ఉందో గుర్తుండదు. అప్పుడు మీరేం చేస్తారు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులు వింటుంటాం. కొందరికి ఆ రాత్రి నుంచే నిద్ర పట్టదు. ‘ఆస్పత్రికెల్తే ఏటి సెప్తారో’ అనే భయంతో ఇంట్లోవాళ్లకైనా చెప్పరు. ఇంకొందరు ‘నొప్పి నేదు గదా, ఏటవుతాది’ అని ఏళ్ల తరబడి వదిలేస్తారు. ఇలాంటివాళ్లు బీపీ మాత్రల కోసమో, షుగర్ పరీక్ష కోసమో మా ఓపీకి వస్తారు. చీటీ చేతికిచ్చాక, లేచి వెళ్లబోతూ ‘బాబూ, ఇది కూడా ఓపాలి సూడండి’ అంటూ నోరు తెరుస్తారు. భయపడి దాచినా, ధీమాగా వదిలేసినా చివరికి జరిగేది ఒకటే. ఆలస్యం. అందుకే ఈ విషయాన్ని కాస్త విడమరచి చెప్పుకోవాలి.

కొవ్వు గడ్డ అంటే?

మన చర్మం కింద, కండరాల మధ్య, బుగ్గల్లో కొవ్వు కణాలు సహజంగానే ఉంటాయి. ఒక్కోసారి ఒకచోట ఈ కణాలు తమ హద్దు దాటి, నెమ్మదిగా పెరిగి ముద్దలా తయారవుతాయి. దీన్నే లైపోమా అంటాం. చుట్టూ పల్చటి పొర ఉంటుంది. లోపలుండేది మామూలు కొవ్వే. ఇది క్యాన్సర్ కాదు. పక్క అవయవాలకు పాకదు. రక్తంలో కలిసి ఇంకోచోటికి వెళ్లదు.

వీపు మీద, భుజం మీద, మెడ వెనక, ముంజేతి మీద వేలితో నొక్కితే పక్కకు జారిపోయే మెత్తటి గడ్డలను మీరూ చూసే ఉంటారు. చాలావరకు అవి లైపోమాలే. శరీరంలో మెత్తటి కణజాలం నుంచి పుట్టే కణితుల్లో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేవి ఇవే. నోట్లో మాత్రం అరుదు. మొత్తం లైపోమాల్లో నోట్లో వచ్చేవి సుమారు 1 నుంచి 4 శాతమే. అరుదు కాబట్టే నోట్లో కనిపించినప్పుడు కంగారు ఎక్కువ. ఇదేమీ కొత్త జబ్బు కాదు. 1848లోనే ఐరోపా వైద్యులు చిగురు మీద వచ్చిన ఇలాంటి పసుపురంగు గడ్డ గురించి రాశారు.

ఎవరికి, ఎక్కడ?

నోట్లో లైపోమా ఎక్కువగా 40 ఏళ్లు దాటినవారిలో కనిపిస్తుంది. పిల్లల్లో చాలా అరుదు. బుగ్గ లోపలి భాగం దీనికి ముఖ్యమైన చోటు. అక్కడ కొవ్వు ఎక్కువ కదా. ఆ తర్వాత నాలుక, పెదవులు, నాలుక కింది భాగం, చిగురుకూ బుగ్గకూ మధ్య ఉండే సందు. అంగిలి మీద, చిగుళ్ల మీద తక్కువ.

చాలావరకు శనగ గింజంత మొదలై ఉసిరికాయంత వరకు పెరుగుతుంది. సాధారణంగా 3 సెంటీమీటర్లు దాటదు. అంత కావటానికీ ఏళ్లు పడుతుంది. పైకి దగ్గరగా ఉంటే పల్చటి పొర కింద పసుపు రంగు కనిపిస్తుంది, దాని మీద సన్నటి రక్తనాళాలు గీతల్లా ఉంటాయి. లోతుగా ఉంటే పైన మామూలు గులాబీ రంగే ఉంటుంది. అప్పుడు కంటికన్నా వేలికే ముందు తెలుస్తుంది. నొక్కితే మెత్తగా, పిండిముద్దలా ఉండి కాస్త పక్కకు జరుగుతుంది. పైపొర నున్నగా, పుండు లేకుండా ఉంటుంది.

ఎందుకొస్తుంది?

కచ్చితమైన కారణం ఇదీ అని అందరికీ వర్తించేలా చెప్పలేం. చాలా లైపోమాల కణాల్లో 12వ క్రోమోజోమ్‌లో మార్పులు ఉంటాయని జన్యు పరీక్షల్లో తేలింది. కొన్ని కుటుంబాల్లో ఒంటి నిండా ఇలాంటి గడ్డలు వచ్చే లక్షణం ఉంటుంది. దెబ్బ తగిలినచోట వచ్చినట్టు కొందరు చెబుతారు గానీ, దెబ్బవల్లే వచ్చిందని అన్నిసార్లూ అనలేం. ఏళ్ల తరబడి మద్యం అతిగా తాగే మగవారిలో మెడ చుట్టూ, భుజాల మీద రెండు వైపులా సమానంగా కొవ్వు పేరుకుపోయే జబ్బు ఒకటుంది. అందులో అరుదుగా నాలుక కూడా లావెక్కొచ్చు.

‘నూనె ఎక్కువ తింటాను, అందుకే వచ్చిందా?’ అని అడుగుతుంటారు. కాదు. మీరు తిన్న నూనె వెళ్లి బుగ్గలో ముద్ద కట్టదు. కొలెస్ట్రాల్ పరీక్షలో అంకెలు ఎక్కువున్నా, తక్కువున్నా ఈ గడ్డకు దాంతో నేరుగా సంబంధం లేదు. సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది. ఇంకో విచిత్రం ఏమిటంటే, బరువు తగ్గినా ఇది తగ్గదు. ఉపవాసాలున్నప్పుడు ఒంట్లో కొవ్వు కరుగుతుంది గానీ గడ్డలోని కొవ్వు మాత్రం అలాగే ఉంటుంది. శరీరం అవసరానికి వాడుకునే నిల్వల్లో అది చేరదు. కాబట్టి నిమ్మరసం, తేనె, కషాయాలతో గడ్డ కరిగిపోతుందని ఎదురుచూడటం వృథా.

అన్ని గడ్డలూ కొవ్వు గడ్డలు కావు

నోట్లో బుడిపెలు చాలా రకాలు. వాటిలో ఎక్కువ భాగం హాని చేయనివే. తరచూ కనిపించేవి ఇవీ...

నీటి బుడగ: కింది పెదవి లోపల, ముఖ్యంగా పిల్లల్లో, యువతలో. పెదవి పంటి కింద పడి చిన్న లాలాజల గ్రంథి గొట్టం దెబ్బతింటే లాలాజలం లోపలే నిలిచి బుడగలా ఉబ్బుతుంది. కాస్త నీలంగా మెరుస్తుంది. పగులుతుంది, మళ్లీ నిండుతుంది. ఇదే నాలుక కింద పెద్దగా వస్తే కప్ప పొట్టలా కనిపిస్తుంది.

పీచు గడ్డ: బుగ్గ పదేపదే పంటి కింద పడేచోట, కట్టుడు పళ్ల అంచు ఒరుసుకునేచోట వస్తుంది. లైపోమా కన్నా కాస్త గట్టిగా ఉంటుంది.

పసుపు చుక్కలు: బుగ్గల లోపల, పెదవుల మీద ఆవగింజంత పసుపు చుక్కలు గుంపుగా ఉంటాయి. ఇవి జబ్బు కాదు. చర్మంలో ఉండే నూనె గ్రంథులు అక్కడా ఉండటమే. చికిత్స అక్కర్లేదు.

ఎముక బుడిపె: అంగిలి నడుమ రాయిలా గట్టిగా ఉంటుంది. చిన్నప్పటి నుంచో, యుక్తవయసు నుంచో మెల్లగా పెరిగిన ఎముకే అది. కట్టుడు పళ్లు పెట్టించుకునేటప్పుడు అడ్డొస్తే తప్ప తీయాల్సిన పనిలేదు.

గర్భిణుల చిగురు గడ్డ: ఎర్రగా, ముట్టుకుంటే రక్తం కారేలా ఉంటుంది. కాన్పు తర్వాత చాలావరకు తగ్గుతుంది.

లాలాజల గ్రంథి కణితి: అంగిలికి ఒక పక్కగా, నున్నగా, గట్టిగా, నొప్పి లేకుండా పెరుగుతుంది. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. నోట్లోని చిన్న లాలాజల గ్రంథుల్లో వచ్చే కణితుల్లో క్యాన్సర్ రకాలూ గణనీయంగా ఉంటాయి.

చివరిదాన్ని మరోసారి చదవండి. ‘నున్నగా, నొప్పి లేకుండా’. మనం ధైర్యం తెచ్చుకునే గుర్తులు ఇవే కదా! అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

నొప్పి కొలబద్ద కాదు

పంటి నొప్పి వస్తే అర్ధరాత్రయినా పరుగెత్తుతాం. నోట్లో చిన్న పూత వస్తే కారం తినలేక విలవిల్లాడతాం. ఈ రెండూ ప్రాణం తీసేవి కావు. కొవ్వు గడ్డకు నొప్పి ఉండదు. నోటి క్యాన్సర్‌కు కూడా తొలిదశలో చాలామందిలో నొప్పి ఉండదు! అది మొదట పైపొర కణాల్లో పుడుతుంది. లోపలి నరాలను తాకినప్పుడో, పుండు పడి చీము పట్టినప్పుడో నొప్పి మొదలవుతుంది. అంటే నొప్పి వచ్చేసరికే జబ్బు ఒక మెట్టు దాటి ఉంటుంది. కాబట్టి ‘నొప్పి ఉందా, లేదా’ అన్నదాన్ని బట్టి మంచిచెడ్డలు తేల్చుకోవటం సరికాదు.

మరి దేన్ని చూడాలి? ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా నొప్పి ఉన్నా లేకున్నా వెంటనే చూపించుకోండి.

• 2 వారాలు దాటినా మానని పుండు
• గీకినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, లేదా రెండూ కలిసి ఉన్న మచ్చ
• రాయిలా గట్టిగా, కింది భాగానికి అతుక్కుపోయి కదలని గడ్డ
• వారాల వ్యవధిలోనే పెరుగుతున్న గడ్డ
• ముట్టుకుంటే రక్తం రావటం
• పెదవి, నాలుక, గడ్డం మొద్దుబారటం
• చిగుళ్ల జబ్బు లేకుండానే పన్ను కదలటం, పన్ను తీయించిన గాయం మానకపోవటం
• నోరు మునుపటిలా తెరుచుకోకపోవటం, నాలుక బయటకు పెట్టలేకపోవటం
• మింగుతుంటే అడ్డుపడటం, ఒక పక్క చెవిలోకి నొప్పి పోటెత్తటం
• మెడలో గట్టి బిళ్ల

మన దగ్గరే ఇంత భయం ఎందుకు?

దీనికి కారణం ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా తీరగ్రామాల్లో ‘అడ్డపొగ’ అలవాటు పాతది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పొగ పీల్చటం. ఆడవాళ్లలోనే ఎక్కువ. గాలికి చుట్ట ఆరిపోదు, బూడిద రాలదు, ఎక్కువసేపు వస్తుంది, చేతులు పనిలో ఉన్నా ఇబ్బంది లేదు. అమ్మను చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్న అలవాటు ఇది. ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అంగిలికి.

కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధాన్ని 1957లోనే మన వైద్యులు భారతీయ వైద్య పత్రికలో రాశారు. ఆ తర్వాత డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫలి మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించింది. అందులో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగేవారే! ఆ ఫలితాలు 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చాయి. అప్పటికి విజయనగరం జిల్లా లేదు. 1979లో శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల భాగాలతో అది ఏర్పడింది. అంటే ఈ కథ మన రెండు జిల్లాలదీ.

ఈ చరిత్రలో ఒక మంచి కబురూ ఉంది. మన దేశంలో మూడు ప్రాంతాల్లో 36,000 మంది పొగాకు వాడకందారులతో ఒక పెద్ద అధ్యయనం సాగింది. వాటిలో శ్రీకాకుళం ఒకటి. ఊరూరా తిరిగి, ఎదురుగా కూర్చుని మాట్లాడి, అలవాటు మానమని ఒప్పించటమే వారు ఇచ్చిన ‘మందు’. అలా చెప్పినచోట మానేసినవాళ్లు పెరిగారు. క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్ల మచ్చలు తగ్గాయి. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి. చుట్ట మానితే ఒరిగేదేముంది, ఈ వయసులో ఎందుకు అనే పెద్దవాళ్లకు ఈ మాట చెప్పండి. మానితే అంగిలి మచ్చలు తగ్గే అవకాశం ఉంది. ఏ వయసులో మానినా మేలే.

కొవ్వు గడ్డకూ చుట్టకూ సంబంధం లేదు. మరి ఈ రెంటినీ కలిపి ఎందుకు చెబుతున్నాను? ఎందుకంటే బుగ్గలో గడ్డ కోసం నోరు తెరిచినప్పుడు వైద్యుడి టార్చి వెలుగు అంగిలి మీదా పడుతుంది. గడ్డ మామూలుదే అయి, మనిషికి తెలియని మచ్చ అంగిలి మీద కనిపించే సందర్భాలు ఉంటాయి. హాని చేయని గడ్డ మిమ్మల్ని ఆసుపత్రి దాకా నడిపిస్తే, అది మీకు మేలు చేసినట్టే.

ఎలా తేలుస్తారు?

ముందు చూపు, తర్వాత వేలు. గడ్డ మెత్తగా ఉందా, కదులుతోందా, పైపొర బాగుందా, మెడలో బిళ్లలు ఉన్నాయా అని చూస్తారు. అవసరమైతే అల్ట్రాసౌండ్ చేస్తారు. గడ్డలో ఉన్నది నీరా, కొవ్వా, గట్టి కణజాలమా అన్నది దీంతో చాలావరకు తెలుస్తుంది. నాలుక లోతుల్లో, నాలుక కింద, బుగ్గ కండరంలో పెద్దగా ఉంటే ఎంఆర్‌ఐ చేస్తారు. అందులో కొవ్వు తన ప్రత్యేక గుర్తుతో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆఖరి మాట మాత్రం బయాప్సీదే. చిన్న గడ్డయితే ముందు ముక్క తీయటం, తర్వాత మళ్లీ గడ్డ తీయటం అని రెండుసార్లు అక్కర్లేదు. గడ్డ మొత్తం తీసేసి, దాన్నే పరీక్షకు పంపుతారు. తీసిన గడ్డను ఫార్మలిన్ సీసాలో వేస్తే లైపోమా అయితే పైకి తేలుతుంది. మిగతా గడ్డలు సాధారణంగా అడుగుకు చేరతాయి. మన వంటింట్లో నీళ్ల మీద నూనె తేలటం లాంటిదే! ఇది వైద్యుడికి ఒక ఆనవాలు మాత్రమే. మైక్రోస్కోప్ కింద చూసి ఇచ్చే రిపోర్టే ముఖ్యం. లైపోమాలోనూ పీచు కలిసినవి, రక్తనాళాలు కలిసినవి, కండరంలోకి చొచ్చుకుపోయినవి అని రకాలున్నాయి. చాలా అరుదుగా కొవ్వు కణాల నుంచే వచ్చే క్యాన్సర్ చూడటానికి మామూలు లైపోమాలా ఉండొచ్చు. అందుకే తీసిన గడ్డను పారేయనివ్వకండి. పరీక్షకు పంపారా అని అడగండి. రిపోర్టు తీసుకుని ఇంట్లో భద్రపరచుకోండి.

‘ముక్క తీస్తే జబ్బు పాకిపోతుంది’ అన్న భయం మన ఊళ్లలో గట్టిగా ఉంది. ఇది అపోహ. నోటి పుండు నుంచి చిన్న ముక్క తీయటం వల్ల క్యాన్సర్ పాకదు. ముక్క తీయనివ్వకుండా గడిపిన నెలల్లోనే అది పెరుగుతుంది.

తీయించుకోవాలా?

చిన్నగా ఉండి, ఇబ్బంది పెట్టకుండా, వైద్యుడు పరీక్షించి లైపోమాయేనని భావిస్తే కొంతకాలం గమనిస్తూ ఉండొచ్చు. అయితే నోట్లో గడ్డలను తీసేయటానికే ఎక్కువగా మొగ్గు చూపుతాం. నమలేటప్పుడు పంటి కింద పడుతుంది, మాట స్పష్టత తగ్గుతుంది, కట్టుడు పళ్లు కుదరవు. అన్నింటికీ మించి అది ఏమిటో కచ్చితంగా తేలిపోతుంది.

చిన్నదైతే పన్ను తీసేటప్పుడు ఇచ్చేలాంటి మత్తు ఇంజెక్షన్ చాలు. పైపొర మీద చిన్న గాటు పెట్టి, గడ్డను దాని పొరతో సహా విడదీసి తీస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. మళ్లీ రావటం అరుదు. కండరంలోకి చొచ్చుకున్న రకం పూర్తిగా రాకపోతే మాత్రం తిరగబెట్టొచ్చు. బుగ్గలో లాలాజల గొట్టం, కింది పెదవి దగ్గర, నాలుక కింద నరాలు ఉంటాయి కాబట్టి దీన్ని దంత శస్త్రవైద్యులు, ఈఎన్‌టీ, సర్జరీ నిపుణులే చేయాలి.

ముందే చెప్పాల్సినవి

ఆపరేషన్‌కు ముందు మీరు వాడే మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. గుండెకు స్టెంట్ వేయించుకుని, పక్షవాతం వచ్చి రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా? తప్పకుండా చెప్పండి. రక్తం కారుతుందేమోనని మీ అంతట మీరే మానేయొద్దు. అది గడ్డ కన్నా పెద్ద ప్రమాదం. షుగర్, బీపీ అదుపులో ఉన్నాయో లేదో చూపించుకోండి. మత్తు మందు, యాంటీబయాటిక్ ఏదైనా పడకపోతే ఆ సంగతీ చెప్పండి.

ఉద్దానం ప్రాంతం వారికి ఒక ప్రత్యేక మనవి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎక్కువన్న సంగతి తెలిసిందే. మీ క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే ముందే చెప్పండి. ఆపరేషన్ తర్వాత నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కొనుక్కుని వేసుకోవద్దు. అవి కిడ్నీలను మరింత దెబ్బతీస్తాయి. వైద్యులు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ సాధారణంగా సరిపోతుంది.

ఆపరేషన్ తర్వాత

మొదటి రోజు పుక్కిలించొద్దు, గట్టిగా ఉమ్మొద్దు. పైనుంచి బుగ్గకు బట్టలో చుట్టిన ఐసు పెట్టుకుంటే వాపు తగ్గుతుంది. చల్లారిన గంజి, చోడి అంబలి, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ తీసుకోండి. కారం, పులుపు, వేడి, కరకరలాడేవి వద్దు. మత్తు దిగేవరకు ఏమీ నమలొద్దు. తెలియకుండా పెదవి కొరుక్కునే ప్రమాదం ఉంది. రెండో రోజు నుంచి గోరువెచ్చటి ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించండి. చుట్ట, బీడీ, ఖైనీ ముట్టొద్దు. గాయం మానదు. ఆ వారం రోజులూ మానగలిగితే, దాన్నే పూర్తిగా మానేయటానికి మొదటి వారం అనుకోండి.

ఇవి మాత్రం చేయొద్దు

గడ్డకు వెంట్రుకో, దారమో కట్టి తెంపటం. సూదితో గుచ్చి పిండటం. సున్నం రాయటం. లవంగ నూనె పదేపదే పూయటం. బ్లేడుతో కోయించుకోవటం. ‘చీము గడ్డ’ అనుకుని వారాల తరబడి యాంటీబయాటిక్‌లు మింగటం. ఇవన్నీ మామూలు గడ్డను పుండుగా మారుస్తాయి. అసలు జబ్బేమిటో గుర్తించటం మాకూ కష్టమవుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

ఊళ్లో ఉన్న విలేజ్ హెల్త్ క్లినిక్‌లో మొదలుపెట్టొచ్చు. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్‌తో పాటు నోటి క్యాన్సర్ పరీక్ష చేయటం ప్రభుత్వ కార్యక్రమంలో భాగమే. అక్కడి సిబ్బంది వచ్చినప్పుడు ‘నాకేం లేదు’ అని పంపేయకండి. నోరు చూపించండి. గడ్డ ఉంటే దంత వైద్యుల దగ్గరికి వెళ్లండి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, 2023లో వైద్య కళాశాల మొదలైన విజయనగరం సర్వజన ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి. క్యాన్సర్ అనుమానం ఉంటే విశాఖపట్నం కేజీహెచ్‌కు, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలో నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పంపుతారు. పొగాకు మానటానికి సాయం కావాలంటే జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356.

తరచూ అడిగే ప్రశ్నలు

కొవ్వు గడ్డ క్యాన్సర్‌గా మారుతుందా?
మామూలు లైపోమా క్యాన్సర్‌గా మారదనే అనుకోవచ్చు. కొవ్వు కణాల క్యాన్సర్ చాలావరకు మొదటినుంచీ వేరుగానే పుడుతుంది. గడ్డ ఒక్కసారిగా పెరగటం, గట్టిపడటం, నొప్పి రావటం జరిగితే ఆగకుండా చూపించుకోండి.

ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటుందా?
అంటుకోదు. కంచం, గ్లాసు వేరు చేయాల్సిన పనిలేదు. పెద్దవాళ్లను అలా దూరం పెడితే భయంతో ఇంకేదీ చెప్పరు.

మాత్రలతో కరగదా?
కరగదు. తీయటమొక్కటే దారి.

చిన్నపిల్లల నోట్లో గడ్డ ఉంటే?
నీటి బుడగలే ఎక్కువ. నోట్లో పుల్లో, పెన్సిలో గుచ్చుకున్నాక బుగ్గ లోపలి నుంచి పసుపు ముద్ద బయటకొస్తే అది బుగ్గ కొవ్వే జారి రావటం కావొచ్చు. లాగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నెలకోసారి.. రెండు నిమిషాలు

వెలుతురున్నచోట అద్దం ముందు నిలబడండి. కట్టుడు పళ్లుంటే తీసేయండి. పెదవులు తిప్పి చూడండి. రెండు బుగ్గలూ లాగి లోపల చూడండి, వేలితో తడమండి. నాలుక బయటపెట్టి పైన, రెండు పక్కలా, పైకెత్తి కింద చూడండి. తల వెనక్కి వంచి ‘ఆ’ అంటూ అంగిలి చూడండి. చివరగా మెడ రెండు వైపులా తడమండి. ఇంట్లో చుట్ట కాల్చే అమ్మమ్మో, నాయనమ్మో ఉంటే ఆమె నోటిని మీరే ఫోన్ లైటుతో చూడండి. చూపు ఆననివారికి తమ అంగిలి తాము చూసుకోవటం కుదరదు. చూస్తున్నంతసేపూ చుట్ట గురించి తిట్టొద్దు. తిడితే వచ్చే నెల నోరు తెరవరు.

ఏదైనా కనిపిస్తే తేదీ వేసి ఒక ఫొటో తీసుకోండి. 2 వారాల్లో మానని పుండయితే, పోని మచ్చయితే అంతకు మించి ఆగొద్దు. కొత్త గడ్డయితే మెత్తగా ఉన్నా, నొప్పి లేకపోయినా ఒక్కసారి వైద్యుడి వేలు దాని మీద పడనివ్వండి. ‘ఇది కొవ్వు గడ్డేనమ్మా, భయం లేదు’ అన్న మాట పరీక్షించిన వైద్యుడి నోటినుంచి వినాలి. మనకు మనం చెప్పుకుంటే సరిపోదు.